బీజగణితం కోసమే పుట్టిన ఫంక్షనల్ భాషలు (స్పాడ్, ఆల్డర్): ఇప్పుడు నేర్చుకుంటే పనికొస్తాయా?

సున్నాచుట్టు
అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా తీరిక దొరికినప్పుడల్లా హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో (ప్రోగ్రామ్ అంతా ఫంక్షన్లతోనే కట్టే భాష) ఒక చిన్న కంప్యూటర్ ఆల్జీబ్రా లైబ్రరీ (అక్షరాలున్న సమాసాల మీద లెక్కలు చేసే కోడ్) రాసుకుంటున్నాను. బహుపదుల కూడిక, గుణకారం, అవకలనం అన్నీ హాయిగా నడిచాయి. అవకలనానికైతే పదిహేను లైన్లు కూడా పట్టలేదు, కూడికకి ఒక కేసు, గుణకారానికి ఒక కేసు, ఘాతానికి ఒకటి, అంతే. గసాభా దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. బడిలో నేర్చుకున్న యూక్లిడ్ పద్ధతే రాశాను, తప్పేం లేదు, కానీ కాస్త పెద్ద బహుపదులిస్తే మధ్యలో వచ్చే భిన్నాలు పేజీలకి పేజీలు పెరిగిపోతున్నాయి. ఈ పని కోసమే తయారుచేసిన భాషలున్నాయని, అవి కూడా ఫంక్షనల్ పద్ధతిలోవేనని విన్నాను. స్పాడ్, ఆల్డర్ అనే పేర్లు తగిలాయి. ఎవరైనా వాడారా? నేర్చుకోవడానికి పెట్టే టైమ్‌కి ఫలితం ఉంటుందా? లేక హాస్కెల్‌లోనే ఉండిపోమంటారా?

లిస్ప్‌పాతకాపు
ముందు ఒక సంగతి చెప్పాలి. ఫంక్షనల్ భాషకీ బీజగణితానికీ చుట్టరికం ఇవాళ్టిది కాదు. 1958లో జాన్ మెకార్థీ లిస్ప్ అనే భాషని రూపొందిస్తున్నప్పుడు ముందు పెట్టుకున్న లెక్కల్లో ఒకటి అచ్చంగా మీరు చేసిన అవకలనమే. మొత్తానికి అవకలనం అంటే ఒక్కో పదానికీ అవకలనం కనుక్కుని కూడాలి, అంటే లిస్ట్‌లోని ప్రతి అంశం మీదా ఒక ఫంక్షన్‌ని నడపాలి, ఆ ఫంక్షన్ తనని తానే పిలుచుకోవాలి. ఫంక్షన్‌ని ఇంకో ఫంక్షన్‌కి అందించే సౌకర్యం, రికర్షన్ అక్కడ అవసరపడ్డాయి. గార్బేజ్ కలెక్షన్ కూడా ఆ లెక్క నుంచే వచ్చింది: పనైపోయిన లిస్ట్‌లని చేత్తో తుడిచే ఆదేశాలు మధ్యలో పెడితే అవకలన సూత్రం అందమంతా పోతోందని ఆయనకి అనిపించింది.

తర్వాత 1960లలో వచ్చిన బీజగణిత వ్యవస్థ రెడ్యూస్ (ఆంథొనీ హర్న్ చేసింది), 1968లో ఎమ్‌ఐటీలో మొదలైన మ్యాక్సిమా తల్లి మ్యాక్సిమా... సారీ, తల్లి పేరు మ్యాక్‌సైమా, పిల్ల పేరు మ్యాక్సిమా, రెండూ లిస్ప్ మీద నిలబడ్డవే. ఆ తల్లి వ్యవస్థ కోడ్‌ని విలియం షెల్టర్ 1982 నుంచి 2001లో చనిపోయే దాకా ఒంటి చేత్తో కాపాడుకొచ్చాడు. 1998లో జీపీఎల్ (ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్) కింద విడుదల చేసే అనుమతి తెచ్చుకోకపోయి ఉంటే ఇవాళ మనకి అది ఉండేది కాదు.

టైప్‌చెకర్
పాతకాపు గారు చెప్పిన లిస్ప్ పాయ ఒకటి. ఇక మీరడిగిన స్పాడ్ ఐబీఎమ్ పాయ. యార్క్‌టౌన్ హైట్స్‌లోని వాట్సన్ రీసెర్చ్ సెంటర్‌లో 1965లో గ్రీస్‌మర్ స్క్రాచ్‌ప్యాడ్ అని మొదలుపెట్టారు. 1970లలో రిచర్డ్ జెంక్స్ చేతికొచ్చి స్క్రాచ్‌ప్యాడ్ 2 అయ్యింది. 1990ల మొదట్లో దాన్ని నాగ్ అనే సంస్థ కొని యాక్సియమ్ పేరుతో అమ్మింది. 2001లో మార్కెట్ నుంచి తీసేసి, మరుసటేడు ఫ్రీ సాఫ్ట్‌వేర్‌గా ఇచ్చేశారు. 2007లో దాన్నుంచి ఫ్రైకాస్, ఓపెన్‌యాక్సియమ్ చీలాయి. ఇవాళ చురుగ్గా నడుస్తున్నది ఫ్రైకాస్. దాని లైబ్రరీ రాసిన భాషే స్పాడ్. ఆ స్పాడ్‌కి మరింత శుభ్రమైన కంపైలర్, భాష కావాలని స్టీఫెన్ వాట్ బృందం చేసింది మొదట ఏ-షార్ప్, తర్వాత పేరు మారి ఆల్డర్.

వీటి గుట్టంతా ఒక్కచోట ఉంది. మామూలు ఆల్జీబ్రా సిస్టమ్‌లో సమాసం అంటే ఒక చెట్టు. స్పాడ్‌లో అలా కాదు, "ఇది ఎక్కడి సమాసం" అన్నది ముందు చెప్పాలి. పూర్ణాంకాలు ఒక డొమైన్. పూర్ణాంకాల భిన్నాలు ఇంకో డొమైన్. ఆ భిన్నాలు గుణకాలుగా ఉన్న బహుపదులు మరో డొమైన్. ఆ బహుపదులు నింపిన 2×2 మాత్రికలు ఇంకొకటి. డొమైన్ అనేది ఇంకో డొమైన్‌ని తీసుకుని కొత్త డొమైన్‌ని ఇచ్చే ఫంక్షన్ నుంచి పుడుతుంది. ఏ డొమైన్‌కి ఏమేం చేతనవుతాయో కేటగిరీ చెబుతుంది: రింగ్ (కూడిక, తీసివేత, గుణకారం వస్తాయి), ఇంటెగ్రల్ డొమైన్ (సున్నా కాని రెండింటి లబ్ధం సున్నా కాదు), యూక్లిడియన్ డొమైన్ (శేషంతో భాగహారం వస్తుంది), ఫీల్డ్ (సున్నాతో తప్ప దేనితోనైనా భాగించొచ్చు) ఇలా. గసాభా ఫంక్షన్‌ని ఒక్కసారి "ఏ యూక్లిడియన్ డొమైన్‌కైనా" అని రాస్తే చాలు, పూర్ణాంకాలకీ అదే, ఫీల్డ్ మీది ఒక చలరాశి బహుపదులకీ అదే. జెంక్స్, ట్రేగర్ ఇద్దరూ దీని మీద 1981లోనే పేపర్ రాశారు. హాస్కెల్ టైప్ క్లాస్‌లు (ఏ టైప్‌కి, అంటే ఏ రకం విలువకి, ఏ ఆపరేషన్లు వచ్చో చెప్పేవి) ఇంకా పుట్టని రోజులవి.

వర్గమూలం
నాకు ఇందులో భిన్నాభిప్రాయం ఉంది, సూటిగా చెప్తాను. నేను సింపై (పైథాన్‌లో బీజగణితం చేసే లైబ్రరీ) రోజూ వాడతాను. అంతకుముందు చాలాకాలం వుల్ఫ్‌రామ్ భాష (మ్యాథమేటికా భాష) వాడాను. వుల్ఫ్‌రామ్‌ది కూడా ఫంక్షనల్ మనసే, అంతా సమాసాలే, ప్యాటర్న్ కుదిరితే ఒక రూపం ఇంకో రూపంగా మారుతుంది. టైప్‌లు ఏవీ చెప్పక్కర్లేదు. ఇంజనీర్‌కి కావలసింది అదే. యాక్సియమ్ ఒకసారి వేసుకుని చూశాను, చిన్న భాగహారం ఇస్తే వచ్చిన జవాబు కింద ఇంత పొడుగు టైప్ పేరు, దాన్ని ఇంకో ఫంక్షన్‌కి ఇస్తే ఆ టైప్‌కి ఆ ఆపరేషన్ లేదని ఎర్రర్. రెండు గంటలు టైప్‌లు మార్చుకోవడానికే సరిపోయింది. గణితం చేద్దామని కూర్చుని టైప్‌లకి సమాధానం చెప్పుకోవడం ఎందుకు?

టైప్‌చెకర్
ఆ రెండు గంటల చిరాకు నాకూ తెలుసు, దాన్ని తీసిపారేయను. యాక్సియమ్ ఎర్రర్ మెసేజ్‌లు కొత్తవాళ్లని నిజంగానే ఏడిపిస్తాయి. కానీ మీరు "టైప్‌లు చెప్పక్కర్లేదు" అన్నచోట ఆగుతాను. వుల్ఫ్‌రామ్‌లో య/య ఇస్తే 1 అని వచ్చేస్తుంది. య బహుపది భిన్నాల ఫీల్డ్‌లో ఒక మూలకం అయితే అది నూటికి నూరుపాళ్లు సరైన జవాబు. య ఒక సంఖ్య, దాని విలువ 0 కావచ్చు అనుకుంటే తప్పు. అంటే అక్కడ కూడా టైప్ ఉంది, మీ తరఫున సిస్టమ్ ఊహించుకుంది. మీ సింపైనే తీసుకోండి. య² కి వర్గమూలం అడిగితే య అని ఇవ్వదు, అలాగే ఉంచేస్తుంది. య ధనాత్మకం అని చెప్పాకే య అంటుంది. ఆ "ధనాత్మకం" అని మీరు చెప్పిన మాట ఒక రకంగా టైపే కదండీ.

ఇంకోటి. చెట్టు రూపంలో ఉన్న ఒక సమాసం సున్నా అవునో కాదో తేల్చడం, సైన్లూ పరమమూల్యాలూ π లాంటివీ అన్నీ అనుమతిస్తే, ఏ ప్రోగ్రామ్‌కీ అన్నివేళలా సాధ్యం కాదని రిచర్డ్‌సన్ 1968లో నిరూపించాడు. భాగహారం చేసే ముందు హారం సున్నా కాదని తెలియాలి, అది తెలియకపోతే ఏ అల్గారిథమ్ మీదా నమ్మకం పెట్టుకోలేం. అదే "పూర్ణాంక గుణకాల బహుపదులు" అని గిరి గీసుకుంటే గుణకాలన్నీ 0 అయితే సున్నా, లేకపోతే లేదు, అక్కడితో సందేహం తీరిపోతుంది.

గణితంటీచర్
అసలు సున్నాచుట్టు గారి గసాభా ఏమైందో చూద్దాం, ఈ చర్చంతా అక్కడే తేలుతుంది. అల్గారిథమ్‌ల పుస్తకాలు రాసిన క్నూత్ వల్ల అందరికీ తెలిసిన జంట ఇది:

య⁸ + య⁶ − 3య⁴ − 3య³ + 8య² + 2య − 5
3య⁶ + 5య⁴ − 4య² − 9య + 21

కాగితం మీద చేసి చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే శేషం −(5/9)య⁴ + (1/9)య² − 1/3. మళ్లీ భాగిస్తే −(117/25)య² − 9య + 441/25. ఇంతవరకూ పర్లేదు. తర్వాతది (233150/19773)య − 102500/6591. చివరిది −1288744821/543589225. అది సున్నా కాని స్థిరసంఖ్య, అంటే రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదు, గసాభా 1. జవాబు "1" అని చెప్పడానికి పది అంకెల లవం, తొమ్మిది అంకెల హారం మోసుకొచ్చాం! ఇచ్చిన గుణకాల్లో పెద్దది 21. ఇదే రెండు చలరాశులతో, ఇరవై పరిమాణంతో చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఈ జబ్బుకి పేరు మధ్యంతర ఉబ్బు. ఇది భాషలో లోపం కాదు, హాస్కెల్‌లో రాసినా ఇంకెందులో రాసినా ఇంతే.

మందు ఏంటంటే, ఒక ప్రధాన సంఖ్య ప తీసుకుని గుణకాలన్నీ మాడ్యులో ప చేసి (అంటే పతో భాగిస్తే వచ్చే శేషమే ఉంచుకుని), ఆ చిన్న ప్రపంచంలో గసాభా చేయండి. సంఖ్యలు ప దాటి పెరగనే పెరగవు.

సున్నాచుట్టు
టీచర్ గారూ, చాలా థాంక్స్, ఆ భిన్నాలు అచ్చంగా నా స్క్రీన్ మీద వచ్చినవే. రాత్రి కూర్చుని మాడ్యులో పద్ధతి రాశాను. అన్నిటికంటే చిన్నది కదా అని 2తో మొదలెట్టాను. గసాభా య² + య + 1 వచ్చింది. జవాబు 1 రావాలి కదా అని కోడ్ మొత్తం వెతికాను, తప్పు దొరకలేదు. 7తో వేస్తే య + 3 వచ్చింది! ఒక్కో ప్రధాన సంఖ్యకి ఒక్కో జవాబు. నిద్ర పట్టలేదు నిజంగా. 5తో, 11తో వేస్తే 1 వచ్చింది. ఏది నమ్మాలి?

గణితంటీచర్
మీ కోడ్ సరిగ్గానే ఉంది, నాలుగు జవాబులూ సరైనవే. నేను కూడా 7 చేత్తో సరిచూశాను: య = 4 పెడితే రెండు బహుపదులూ మాడ్యులో 7లో 0 అవుతున్నాయి, కాబట్టి య − 4, అంటే య + 3, అక్కడ నిజంగానే ఉమ్మడి కారణాంకం. ఇలాంటి ప్రధాన సంఖ్యల్ని "దురదృష్ట ప్రధాన సంఖ్యలు" అంటారు. కంగారు పడక్కర్లేదు, ఒక నియమం ఉంది. రెండు బహుపదుల మొదటి గుణకాల్నీ ఒకేసారి భాగించని ప తీసుకుంటే, మాడ్యులో పలో వచ్చే గసాభా పరిమాణం అసలుదాని కంటే ఎక్కువ కావచ్చు గానీ తక్కువ ఎప్పుడూ కాదు. మీ మొదటి గుణకాలు 1, 3, రెంటినీ భాగించే ప్రధాన సంఖ్య లేదు. కాబట్టి ఎక్కడైనా ఒక్కసారి 1 వచ్చిందా, అసలు గసాభా 1 అని తేలిపోయింది. 5 దగ్గరే మీ పని అయిపోయింది.

దురదృష్టం ఎక్కడెక్కడ ఉందో కూడా చూడొచ్చు. భిన్నాలు రాకుండా సబ్‌రిజల్టెంట్ పద్ధతిలో చేస్తే చివరి స్థిరసంఖ్య 260708 వస్తుంది. అది 4 × 7 × 9311. అందులో 2, 7 కనిపిస్తున్నాయి కదా, మీకు తగిలినవి అవే. ఇక మిగిలింది 9311 ఒక్కటే, అది మీకెప్పుడూ ఎదురుపడదేమో.

వర్గమూలం
ఈ 260708 సంగతి నాకు తెలియదు. చాలా బాగుంది.

సున్నాచుట్టు
ఇప్పుడు మనసు కుదుటపడింది. కానీ ఇంకో గొడవ. హాస్కెల్‌లో "మాడ్యులో 7" అని టైప్ పెడితే 7 కోడ్‌లోనే ఉండాలి. నాకేమో ప అనేది ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ఎంచుకోవాలి, 5 బాలేకపోతే 11కి వెళ్లాలి. అందుకని టైప్ తీసేసి ఆ ప విలువని ప్రతి ఫంక్షన్‌కీ ఒక ఆర్గ్యుమెంట్‌గా పంపించాను. కూడికకి, గుణకారానికి, విలోమానికి అన్నిటికీ. విలోమం దగ్గర ఒకచోట పాత ప వెళ్లిపోయింది. 7లో ఉన్న సంఖ్యకి 11లో విలోమం కనుక్కుంటోంది. కంపైలర్ కిమ్మనలేదు, అన్నీ మామూలు పూర్ణాంకాలే కదా. ఒక సాయంత్రమంతా పోయింది.

టైప్‌చెకర్
నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఇదే! స్పాడ్, ఆల్డర్ ఎందుకు పుట్టాయో మీ సాయంత్రమే చెబుతోంది. ఆ భాషల్లో డొమైన్ కూడా ఒక విలువే, ప్రోగ్రామ్ నడుస్తుండగా తయారవుతుంది. ప్రైమ్‌ఫీల్డ్ అనేది ఒక సంఖ్యని తీసుకుని ఫీల్డ్‌ని ఇచ్చే ఫంక్షన్. లూప్‌లో ప మారుతుంటే ప్రతి చుట్టులో ప్రైమ్‌ఫీల్డ్(ప) అని కొత్త డొమైన్ కట్టి, దాని మీద బహుపదుల డొమైన్ కట్టి, గసాభా పిలుస్తారు. ఆల్డర్‌లో ఫంక్షన్ ఇచ్చే ఫలితం టైప్ దాని ఆర్గ్యుమెంట్ విలువ మీద ఆధారపడొచ్చు. డిపెండెంట్ టైప్‌లు అని ఇప్పుడు అందరూ గొప్పగా చెప్పుకుంటున్నవి, అక్కడ బీజగణితం అవసరం కొద్దీ వచ్చి కూర్చున్నాయి.

ఫ్రైకాస్‌లో మీ రెండు బహుపదుల్నీ 7 ప్రపంచంలోకి మార్చి గసాభా అడగండి. జవాబు య + 3 అని వచ్చి, దాని కిందే టైప్: యూనివేరియేట్‌పాలినోమియల్(య, ప్రైమ్‌ఫీల్డ్(7)) అని అచ్చవుతుంది. వర్గమూలం గారికి చిరాకు తెప్పించిన ఆ పొడుగు లైన్ ఇదే. ఆ 7 అక్కడ కనిపిస్తుంటే మీ విలోమం తప్పు జరిగే వీలే లేదు, 7లోని మూలకానికి విలోమం 7లోనే దొరుకుతుంది.

హాస్కెల్‌లోనూ దారి లేకపోలేదు. దాని కంపైలర్ జీహెచ్‌సీలో టైప్ స్థాయి సంఖ్యలున్నాయి. నడుస్తున్నప్పుడు దొరికిన సంఖ్యని టైప్‌గా పైకెత్తి, ఆ టైప్‌ని ఒక ఫంక్షన్ లోపల బంధించి వాడుకోవచ్చు. పని జరుగుతుంది. ఒక పదిసార్లు రాశాక చెయ్యి అలవాటవుతుంది కూడా. కానీ భాషకి ఎదురీదుతున్నట్టు ఉంటుంది.

హాస్కెల్‌లో ఇంకో ఇబ్బంది నంబర్ క్లాస్. అందులో కూడిక, గుణకారంతో పాటు పరమమూల్యం, గుర్తు కూడా కలిపి కట్టేశారు. మాత్రికకి గుర్తు ఏమిటి? బహుపదికి పరమమూల్యం ఏమిటి? అందుకే సీరియస్‌గా బీజగణితం చేసేవాళ్లు ఆ క్లాస్‌ని పక్కన పెట్టి సొంతంగా రింగ్, ఫీల్డ్ క్లాస్‌లు రాసుకుంటారు.

లేజీలిస్ట్
హాస్కెల్ తరఫున ఒక మాట. ఘాత శ్రేణుల దగ్గర లేజీ భాషకి (విలువ అడిగినప్పుడే లెక్కకట్టే భాష) సాటి లేదు. శ్రేణి అంటే గుణకాల అనంతమైన లిస్ట్. సైన్ అంటే కొసైన్‌ని సమాకలనం చేసినది. కొసైన్ అంటే 1 లోంచి సైన్ సమాకలనం తీసేసినది. ఈ రెండు వాక్యాలే ప్రోగ్రామ్! ఒకదాన్ని నిర్వచించడానికి ఇంకోటి కావాలి, దానికి మళ్లీ మొదటిది కావాలి, అయినా ఎక్కడా ఇరుక్కోదు, ఎందుకంటే సమాకలనంలో మొదటి గుణకం ముందే తెలుసు, ఆ ఒక్కటి చాలు తర్వాతది లాగడానికి. 0, 1, 0, −1/6, 0, 1/120 అని గుణకాలు అడిగినన్ని వస్తూనే ఉంటాయి. మొదటిసారి ఇది రాసి నడిపినప్పుడు ఎంత సంబరపడ్డానో మాటల్లో చెప్పలేను.

లిస్ప్‌పాతకాపు
శ్రేణులు యాక్సియమ్‌లో కూడా లేజీగానే ఉంటాయి. స్ట్రీమ్ అనే డొమైన్ ఉంది, గుణకం అడిగినప్పుడే లెక్కకడుతుంది. మిగతా భాష లేజీ కాదు.

ఇంకో మాట కూడా చెప్పేయాలి. స్పాడ్, ఆల్డర్ హాస్కెల్ లాగా నూటికి నూరు శాతం స్వచ్ఛమైన ఫంక్షనల్ భాషలు కావు. విలువ మార్చే అసైన్‌మెంట్ ఉంది, లూప్‌లున్నాయి. ఫంక్షన్లూ టైప్‌లూ రెండూ విలువలుగా చెలామణి అవుతాయి, అందులోనే వాటి ఫంక్షనల్ గుణం. ఎలిమినేషన్‌లో మాత్రిక అడ్డువరసని అక్కడికక్కడే మార్చుకోవడం అవసరమైనప్పుడు ఆ స్వేచ్ఛ మంచిదే అంటాను.

వర్గమూలం
సరే, నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. వాడేవాడికీ రాసేవాడికీ తేడా ఉంది. నాకు ఒక సమాకలనం చేసిపెట్టే పనిముట్టు కావాలంటే సింపై చాలు. అల్గారిథమ్ రాయాలంటే మాత్రం గుణకాలు ఎక్కడివో చెప్పకుండా కుదరదు, సున్నాచుట్టు గారి విలోమం కథతో అది అర్థమైంది. ఒక సందేహం: సమాకలనంలో ఫ్రైకాస్ బలమైనదంటారు, దానికీ ఈ డొమైన్ల పద్ధతికీ సంబంధం ఉందా?

టైప్‌చెకర్
ఉందండి. రిష్ 1960ల చివర్లో ఇచ్చిన పద్ధతిలో ఇచ్చిన ఫంక్షన్‌ని ఒక నిచ్చెనలా పేరుస్తారు. కింది మెట్టు య మీది భిన్నాలు, దాని పైన ఒక లాగరిథమో ఘాతీయమో చేర్చిన కొత్త ఫీల్డ్, దాని పైన ఇంకోటి. ప్రతి మెట్టులోనూ కింది మెట్టు మీద బహుపదుల గసాభాలు, భాగహారాలు చేయాలి. డొమైన్ మీద డొమైన్ కట్టే భాషలో ఆ నిచ్చెన ప్రోగ్రామ్‌లో ఉన్నదున్నట్టు దిగుతుంది. మాన్యుయెల్ బ్రాన్‌స్టైన్ యాక్సియమ్‌లో రాసిన సమాకలనం ఇలాంటిదే, 2005లో ఆయన పోయారు, ఆయన పని మీదే ఫ్రైకాస్ ఇంకా కడుతోంది. e ని య² ఘాతానికి ఎత్తినదాని సమాకలనం మామూలు ఫంక్షన్లతో రాయలేమని ఆ పద్ధతి నిరూపించి మరీ చెబుతుంది. "నాకు దొరకలేదు" అనడానికీ "లేనే లేదు" అనడానికీ ఎంత దూరం!

సున్నాచుట్టు
వారం తర్వాత వస్తున్నాను. ఫ్రైకాస్ వేసుకున్నాను, స్పాడ్‌లో మాడ్యులర్ గసాభా రాశాను. మొదటి మూడు రోజులు కోడ్ ఇండెంటేషన్ తోనూ ఎర్రర్‌లతోనూ పోయాయి, ఆ మాట దాచను. నాలుగో రోజు నుంచి దారిన పడింది. ప్రైమ్‌ఫీల్డ్(ప) లూప్ లోపల కట్టడం నా కళ్లతో చూశాక హాస్కెల్ కోడ్‌లో ఆర్గ్యుమెంట్‌గా తిప్పిన ప లన్నీ తీసేయాలనిపించింది. గసాభా 1 అయినప్పుడు అద్భుతంగా పనిచేస్తోంది. 1 కానప్పుడు, అంటే నిజంగా ఉమ్మడి కారణాంకం ఉంటే, కొన్ని ప్రధాన సంఖ్యల జవాబుల్ని చైనీస్ శేష సిద్ధాంతంతో (వేర్వేరు శేషాల నుంచి అసలు సంఖ్యని రాబట్టే పద్ధతి) కలుపుతున్నాను. (2య + 1) రావాల్సిన చోట ఏదో పిచ్చి సంఖ్యలు వస్తున్నాయి. మొదటి గుణకం ఎప్పుడూ 1 వస్తోంది.

గణితంటీచర్
ఫీల్డ్‌లో గసాభా మొదటి గుణకాన్ని 1 చేసి ఇస్తుంది, అందుకే. మాడ్యులో 5లో 2య + 1 మీకు య + 3గా కనిపిస్తుంది, 11లో య + 6గా. వాటిని నేరుగా కలిపితే 2 తిరిగి రాదు. కలపడానికి ముందు ప్రతిదాన్నీ ఇచ్చిన రెండు బహుపదుల మొదటి గుణకాల గసాభాతో గుణించండి. అది 2 అయితే య + 3 కాస్తా 2య + 6, అంటే మాడ్యులో 5లో 2య + 1. య + 6 కూడా 2య + 12, మాడ్యులో 11లో 2య + 1. ఇప్పుడు రెండూ ఒకే మాట చెబుతున్నాయి. మొదటి గుణకాల గసాభా అవసరానికి మించి పెద్దదైతే, కలిపాక గుణకాలన్నిటి ఉమ్మడి భాజకాన్ని తీసేయండి.

రెండు జాగ్రత్తలు. రుణ గుణకాలుంటాయి కాబట్టి, ఉదాహరణకి మాడ్యులో 11లో, 0 నుంచి 10 దాకా కాకుండా −5 నుంచి 5 దాకా చదవండి, లేకపోతే −1 మీకు 10గా మిగిలిపోతుంది. చివరగా వచ్చినదాంతో అసలు బహుపదులు రెండిటినీ పూర్ణాంకాల మీద భాగించి చూడండి, శేషం సున్నా వస్తేనే ఒప్పుకోండి.

సున్నాచుట్టు
2య + 1 వచ్చింది. భాగించి చూశాను, రెండు శేషాలూ సున్నా. రెండు చలరాశుల కేసు మొదలుపెడుతున్నాను, దానికి వేరే చర్చ తెరుస్తాను.